తువ్వాయికి రాని లెక్క

ఆ మాట వినపడినప్పుడు ఇందుమతి హాజరు పట్టీ మూసి పక్కన పెడుతోంది.

"తెచ్చుకున్న పది మళ్ళీ పక్కింటికి ఇచ్చేశా గదా! ముప్పై ఎనిమిది!" అంది తువ్వాయి.

మూడో వరసలో పిల్లలు ఘొల్లున నవ్వారు. "ఓసి నీ మొహం మండ! నలభై మూడులోంచి పదిహేను తీస్తే ముప్పై ఎనిమిది ఎట్టొస్తదే?" అంటూ ఒక పిల్ల నెత్తి మీద మొట్టినట్టు ట్యాబ్‌ను వేలితో పొడిచింది. తెర మీద నల్లమచ్చల తువ్వాయి తల వంచుకుని, మెడలోని పలుపు కొస నోట్లో పెట్టుకుని నమిలింది. "ఉండుండు... మళ్ళీ చూస్తా," అంది.

ఇందుమతి చెయ్యి పట్టీ మీదే ఆగిపోయింది. అది అందరు పిల్లలూ చేసే తప్పు కాదు. పదహారేళ్ళ ఉద్యోగంలో ఆ తప్పును ఆమె ఒక్కరి నోట్‌బుక్కులోనే చూసింది. ఆ ఒక్కరూ ఇప్పుడు గోడవార చివరి బెంచీలో కూర్చుని, జడ కొస నములుతూ తన ట్యాబ్‌లోకి చూస్తోంది. ఆ పిల్ల పేరు అంకమ్మ.

పలకలపాడు బడికి ఆ ట్యాబ్‌లు జూన్‌లో వచ్చాయి. తెచ్చింది ఇందుమతి తమ్ముడు శశిధరే. గుంటూరులో నలుగురు స్నేహితులతో కలిసి చిన్న ప్రయోగశాల పెట్టి, మూడేళ్ళు కష్టపడి తయారుచేసిన ఆట అది. ఆ ఆటలో పిల్లలు పాఠం చెప్పించుకోరు, తామే చెబుతారు. ప్రతి ట్యాబ్‌లోనూ చదువు మీద ఆశ ఉన్న ఒక తువ్వాయి ఉంటుంది. లెక్క ఇస్తే తప్పు చేస్తుంది. ఎక్కడ తప్పిందో పిల్లలు కనిపెట్టి దానికి అర్థమయ్యేలా చెప్పాలి. తెర పైనున్న చిన్న కెమెరా పిల్లల చూపు ఎక్కడ ఆగుతోందో, వేలు ఎక్కడ తడబడుతోందో గమనించి, దాన్నిబట్టి తరువాతి లెక్క ఎంచుతుంది.

ఫలితం చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. జూన్‌లో అయిదో తరగతి ముప్పై ఎనిమిది మందిలో తీసివేతలు సరిగ్గా చేసేవాళ్ళు తొమ్మిది మంది. సెప్టెంబరు వచ్చేసరికి దాదాపు అందరూ తువ్వాయికి తీసివేతలు నేర్పుతూనే తాము భిన్నాలలోకి దిగారు. హెడ్మాస్టరు ప్రభుదాసు గారు వరండాలో నిలబడి, వచ్చిన ప్రతివారికీ ఆ సంగతి చెప్పేవారు. డిసెంబరులో రాష్ట్రంలోని బళ్ళన్నిటికీ ఆ ఆట ఇస్తారని వినికిడి.

అంకమ్మ ఒక్కతే తీసివేతల దగ్గర ఉండిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇందుమతి తమ్ముడికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"వేల తప్పులుంటాయక్కా దాన్లో. ఒకటి కలిసుంటది," అన్నాడు శశిధర్.

"తప్పొక్కటే అయితే నేనూ అదే అనుకుందును. ఆ 'ఉండుండు' ఎక్కడిదిరా? ఆ నమలడం?"

"పిల్లలందరూ ఏదో ఒకటి నములుతారు గదక్కా. నాకు మీటింగ్ ఉంది, మళ్ళీ చేస్తా."

అతను చాలా తొందరగా సమాధానం చెప్పాడనిపించింది ఆమెకు. చిన్నప్పుడు పలక పగలగొట్టి దాచిపెట్టినప్పుడు కూడా వాడు ఇలాగే అడగకముందే జవాబు చెప్పేవాడు.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళాక ఇందుమతి అంకమ్మ ట్యాబ్ తెరిచి చూసింది. అందులో తువ్వాయి లేదు. పచ్చిక బయలు బొమ్మ, దాని కింద "నీ తువ్వాయి మేతకు వెళ్ళింది, త్వరలో వస్తుంది" అన్న మాట. తెర మూలన తేదీ చూస్తే అది జూన్ నుంచీ అలాగే ఉంది. మిగిలిన పిల్లలు నేర్పుతుంటే ఈ పిల్ల ఒక్కతే మామూలు పాఠాలు వింటూ, లెక్కలు చేస్తూ కూర్చుంటోంది. పిల్ల ఎప్పుడూ చెప్పలేదు. తానూ ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు ఇందుమతి తన బొట్టుబిళ్ళ ఒకటి తీసి ఆ ట్యాబ్ కెమెరా మీద అతికించింది. ఇంకో మూడు ట్యాబ్‌ల కెమెరాలు జులై నుంచీ పనిచేయడం లేదు. వాటి గురించి రెండుసార్లు రాసినా గుంటూరు నుంచి పలికిన నాథుడు లేడు. బొట్టుబిళ్ళ అతికించి గంట కాలేదు, గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, పదిహేడో నంబరు ట్యాబ్ కెమెరాకి ఏదో అడ్డమొచ్చింది. కొంచెం తుడిపిస్తారా?" అంది అవతల ఒక అమ్మాయి గొంతు.

"మిగతా మూడూ?"

"అవి పర్లేదు మేడమ్. పదిహేడు మాత్రం అర్జంటు."

పదిహేడు అంకమ్మది. ఇందుమతి బొట్టుబిళ్ళ తీసేసింది. కానీ ఆ రోజు నుంచి ఆమెకు ఆ తరగతి గదిలో పాఠం చెబుతున్నట్టు ఉండేది కాదు, ఎవరో తలుపు సందులోంచి చూస్తున్నట్టుండేది.

రెండు రోజుల తరువాత ఆటల పీరియడ్‌లో అంకమ్మను వరండాలో కూర్చోబెట్టుకుంది. చేతిలో ట్యాబ్ లేదు. ఒక పలకా, అగ్గిపుల్లలూ, పదేసి పుల్లలకు దారం చుట్టిన కట్టలూ తెచ్చింది.

"నలభై మూడులోంచి పదిహేను తియ్యి. ఏం చేస్తావో చెప్పుకుంటూ చెయ్యి."

"ఉండుండు టీచర్... మూడులోంచి అయిదు పోదు. పక్కింటికి పోయి పది తెచ్చుకుంటా. పదమూడులోంచి అయిదు పోతే ఎనిమిది. మూడులోంచి ఒకటి పోతే రెండు." అంతవరకూ సరిగ్గా చేసి, ఆ పిల్ల ఆగింది. "తెచ్చుకున్నది ఇచ్చెయ్యాలి గదా. మా అమ్మ తోడుకి మజ్జిగ తెచ్చుకున్నా మళ్ళీ ఇచ్చేస్తది. రెండుకి ఒకటి కలిపితే మూడు. ముప్పై ఎనిమిది."

ఇందుమతికి సిగ్గేసింది. 'పక్కింటికి వెళ్ళి తెచ్చుకో' అని పిల్లలకు నేర్పింది తానే. ఆ మాటను నిజమని నమ్మిన పిల్ల ఈమె ఒక్కతే. తెలివితక్కువ ఎక్కడుంది ఇందులో?

"పక్కిల్లు లేదమ్మా, నేను తప్పు చెప్పా. ఈ నలభై మూడు పుల్లలూ నీవే. ఈ కట్టలూ నీ ఇంట్లోవే. చిల్లర చాల్లేదు కాబట్టి నీ కట్ట ఒకటి నువ్వే విప్పుకున్నావు. ఇంక ఎవరికి ఇవ్వాలి?"

అంకమ్మ కట్ట విప్పింది. పుల్లలు తీసింది. మిగిలినవి లెక్కపెట్టింది. జడ కొస నోట్లోంచి జారిపోయింది. "ఎవరికీ ఇవ్వక్కర్లా! ఇరవై ఎనిమిది!" అని, అడక్కుండానే ఇంకో ఆరు లెక్కలు చేసింది. ఆరూ కుదిరాయి.

మర్నాడు ట్యాబ్ పీరియడ్ అయ్యాక ఇందుమతి ఆమెను పిలిచి అరవై రెండులోంచి ఇరవై ఏడు తీయమంది. అంకమ్మ చాలాసేపు తటపటాయించి, జడ కొస నోట్లో పెట్టుకుని, "నలభై అయిదు," అంది.

ఆ పై రోజు ఇందుమతి నోట్‌బుక్కులు దిద్దుతున్నట్టు నటిస్తూ అంకమ్మ వెనక కూర్చుంది. తెర మీద ముందు ఒక బొమ్మల కథ వచ్చింది. ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. ఒకామె చేటెడు బియ్యం అడిగి తీసుకెళ్ళి, మర్నాడు తిరిగి ఇచ్చింది. తెర నిండా పూలు రాలాయి. "తెచ్చుకున్నది ఇచ్చేసింది, ఎంత మంచిదో!" అని గొంతు పలికింది. వెంటనే లెక్క, అదే అరవై రెండులోంచి ఇరవై ఏడు. అంకమ్మ ముప్పై అయిదు అని రాసింది, సరైన జవాబే. తెర కాసేపు ఊరుకుంది. తరువాత అదే మెత్తని గొంతు అడిగింది: "మరి తెచ్చుకున్నది ఇచ్చేశావా తల్లీ?"

అంకమ్మ జవాబు మళ్ళీ చూసుకుంది. మూడును చెరిపి నాలుగు చేసింది. పూలు రాలలేదు, తప్పనీ అనలేదు. తరువాతి లెక్క వచ్చేసింది. సరిగ్గా అప్పుడే ముందు బెంచీల్లోంచి తువ్వాయిలన్నీ ఒక్కసారిగా, "ఇచ్చేశా గదా! నలభై అయిదు!" అన్నాయి. గది గదంతా నవ్వింది.

ఇందుమతి నోట్‌బుక్కులు మూసేసింది.

శనివారం పొద్దున్నే మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి, పన్నెండు గంటలకల్లా గుంటూరులో తమ్ముడి ప్రయోగశాల మెట్లెక్కింది. మూడో అంతస్తులో రెండు గదులు. గోడ మీద పెద్ద తెరలో రెండు వందల పన్నెండు చుక్కలు వెలుగుతున్నాయి. ఆట నడుస్తున్న బళ్ళవి. శశిధర్ ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచి, స్నేహితులను భోజనానికి పంపేశాడు.

"అంకమ్మ పాఠాల్లో ఆ పక్కింటావిడ కథ ఎవరు పెట్టార్రా?" అంది ఇందుమతి, నిలబడే.

ఈసారి అతను వెంటనే జవాబు చెప్పలేదు.

"యంత్రం చేత తప్పులు చేయిస్తే పిల్లలు రెండు రోజుల్లో పసిగట్టేస్తారక్కా, ఇది నటిస్తందని," అన్నాడు చివరికి. "మనిషికి తెలియకపోవడంలో ఒక దారుంటది. అది పుట్టించడం మా వల్ల కాలా. అందుకని ప్రతి తరగతిలో ఒకర్ని ఆటే ఎంచుకుంటది. వాళ్ళ తప్పే తువ్వాయి తప్పు. వాళ్ళ దారే దాని దారి."

"ఆ ఒకరూ నేర్చేసుకుంటే?"

శశిధర్ గోడ తెర వైపు చూశాడు. "జులైలో మూడు రోజులు అంకమ్మకి లెక్క కుదిరింది. తువ్వాయి తప్పులు చేయడం మానేసింది. మిగతా ముప్పై ఏడు మందికీ ఆట చప్పబడింది. తరగతి సగటు పడిపోయింది. సగటు పెంచమనే గదా మేం దానికి చెప్పింది. అది దారి వెతుక్కుంది."

"పిల్లని వెనక్కి లాగే దారి."

"మేమెవరం రాయలేదక్కా. ఒట్టు. అదే కనుక్కుంది."

"నీకెప్పుడు తెలిసింది?"

అతను కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు. "ఆగస్టులో."

ఆగస్టులోనే ఇందుమతి అంకమ్మ తల్లిని బడికి పిలిపించి, పిల్లకు బుర్ర కొంచెం నిదానమని చెప్పింది. అది గుర్తొచ్చి ఆమె కుర్చీలో కూలబడింది.

"ముప్పై ఏడు మందక్కా," అన్నాడు శశిధర్. "వాళ్ళెవరికీ లెక్కలు వచ్చేవి కావు, నీకు తెలుసు. ఇంత మంచి ఒకే ఒక్కరి వల్ల... ఒక్క సంవత్సరం ఆగితే ఆ ఒక్కరికి కూడా ఏదో ఒకటి చేద్దామని. అయినా ఇది పుట్టింది నీ మాటలోంచే. ఏడో తరగతిలో నాకు లెక్కల్లో పదకొండు మార్కులొస్తే నువ్వు కూర్చోబెట్టి చెప్పావు. 'నీకు చెబుతుంటేనే నాకు లెక్కలు బాగా వచ్చినయ్' అనేదానివి. గుర్తుందా?"

"గుర్తుంది. నీకొచ్చిన దాకా చెప్పాను గదరా. నీకు రాకుండా ఉంటేనే నాకు మేలని ఏనాడైనా అనుకున్నానా?"

ఆమె మంచినీళ్ళు కూడా తాగకుండా మెట్లు దిగింది.

అంకమ్మ తల్లి వెంకాయమ్మ పలకల కార్ఖానాలో పని చేస్తుంది. సోమవారం బడి వేళ కాకముందే ఇందుమతి అక్కడికి వెళ్ళింది. రాతి పొడికి వెంకాయమ్మ రెప్పలు కూడా బూడిదరంగులో ఉన్నాయి. ఇందుమతి దాచకుండా అంతా చెప్పింది. వెంకాయమ్మకు ఎంతవరకు అర్థమైందో గానీ, చివరిదాకా వింది.

"అయితే మా పిల్ల మొద్దు కాదంటారా?" అంది ఆఖరున.

"కాదమ్మా. ఆగస్టులో నేను చెప్పింది తప్పు."

వెంకాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ముక్క నాకు గాదు టీచరమ్మా, దానికి చెప్పండి. మీరు చెప్పినకాడ్నించీ నేను రోజూ దాన్ని మొద్దంటన్నా."

ఇందుమతి ఆ రోజే అంకమ్మకు చెప్పింది. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు.

"అది నేనేనని నాకు తెల్సు టీచర్. నాలాగే మాట్లాడిద్ది గదా."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

అంకమ్మ కాలి బొటనవేలితో నేల గీస్తూ, "దానికైతే అందరూ మళ్ళీ మళ్ళీ చెప్తన్నారు. నవ్వినా చెప్తన్నారు. అందుకని ఊరుకున్నా," అంది.

ఇందుమతి పదిహేడో నంబరు ట్యాబ్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది. అంకమ్మకు పలక మీదే చెప్పింది. వారం తిరిగేసరికి ఆ పిల్ల తీసివేతలు దాటి గుణకారాల్లోకి వచ్చింది. అటు తువ్వాయిలు లెక్క మధ్యలో ఆగిపోయి గడ్డి మేస్తూ నిలబడటం మొదలుపెట్టాయి. పిల్లలు విసుక్కున్నారు. గుంటూరు నుంచి రోజూ ఫోన్లు. ఇందుమతి ఎత్తలేదు. పీడ వదిలిందనుకుంది.

తొమ్మిదో రోజున తువ్వాయిలు మళ్ళీ మాట్లాడాయి. గొంతులో కొత్త అలవాటు ఒకటి చేరింది. జవాబు చెప్పేముందు నాలుకతో 'టక్' మని చప్పుడు చేస్తున్నాయి. "సగం కంటే పావు పెద్దది. రెండు కంటే నాలుగు పెద్దది గదా!" అన్నాయి.

ఇందుమతి పరుగులాంటి నడకతో మొదటి బెంచీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఝాన్సీ అనే పిల్ల ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. 'టక్' మనడం ఆ పిల్లకే అలవాటు.

"టీచర్, నా తువ్వాయి మేతకు పోయిందంట. ఎప్పుడొస్తది?" అంది ఝాన్సీ.

మొన్నటిదాకా భిన్నాలు చకచకా చేసిన పిల్ల అది.

గంట కొట్టకముందే ఇందుమతి ముప్పై ఏడు ట్యాబ్‌లూ తీసేసుకుంది. పిల్లలు ఏడ్చారు. ప్రభుదాసు గారు కబురు విని గబగబా వచ్చారు.

"ఎల్లుండి జిల్లా వాళ్ళు చూడ్డానికొస్తన్నారు. ఇప్పుడు ఇదేంటమ్మా? ఒక్క పిల్ల కోసం బడి పరువు తీస్తావా?"

"ఒక్క పిల్ల కాదు సార్. ఒకర్ని తీస్తే ఇంకొకరు. ఈ గదిలో ఎవరో ఒకరికి చదువు రాకుండా ఉంటేనే అది నడిచేది."

"నీ తమ్ముడు చేసిందే గదా!"

"అందుకే ముందు నేనే ఆపాల," అంది ఇందుమతి.

జిల్లా అధికారులు వచ్చి ట్యాబ్‌లు లేని బెంచీలు చూసి వెళ్ళారు. ఇందుమతి అంకమ్మ నోట్‌బుక్కూ, ఝాన్సీ నోట్‌బుక్కూ వాళ్ళ ముందు పెట్టి జరిగినదంతా రాసిచ్చింది. పది రోజులకు ఆమెకే సంజాయిషీ నోటీసు వచ్చింది. యూనిట్ పరీక్షల్లో తరగతి సగటు బాగా పడింది. ఇద్దరు తండ్రులు బడికి వచ్చి, "మా పిల్లల చదువు చెడగొట్టావు," అని మొహం మీదే అన్నారు. అందులో కొంత నిజముంది.

రాష్ట్రమంతా ఇస్తామన్న ఆట గురించి డిసెంబరులో ఎవరూ మాట్లాడలేదు. ఆపేశామనీ అనలేదు. పరిశీలనలో ఉందన్నారు. పరిశీలించేది ఎవరో, ఏమి పరిశీలిస్తున్నారో చెప్పలేదు.

డిసెంబరు రెండో ఆదివారం పొద్దున శశిధర్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. గడప బయటే నిలబడి సంచీలోంచి కాగితాలు తీసి అక్క చేతికిచ్చాడు.

"ల్యాబులో మావాళ్ళు నన్ను వద్దన్నారు. నేనే వచ్చేశానని చెప్పుకుంటున్నా గానీ, వాళ్ళే వద్దన్నారు. వచ్చేముందు ఇది తీసుకున్నా."

ఏడు కాగితాల నిండా పేర్లు. రెండు వందల పన్నెండు బళ్ళు, రెండు వందల పన్నెండు మంది పిల్లలు. ప్రతి పేరు పక్కనా ఆ పిల్ల లేక పిల్లవాడు చేసే తప్పు ఒక వాక్యంలో ఉంది. కొన్ని వాక్యాలు చదువుతుంటే అంకమ్మ జవాబు లాగే ముద్దొస్తున్నాయి. ఇందుమతి తమ్ముణ్ణి లోపలికి రమ్మని అనలేదు. అలాగని పొమ్మనీ అనలేదు. రెండు కుర్చీలు వరండాలో వేసింది. ఇద్దరూ చెరో ఫోన్ తీసుకుని కూర్చున్నారు.

కొందరు టీచర్లు మాట వినకుండానే ఫోన్ పెట్టేశారు. కొందరు, "మావాడు నిజంగానే మొద్దు మేడమ్, ఆట ఏం చేస్తది," అన్నారు. ఒకావిడ మాత్రం, "నేను వాణ్ణి కొట్టానండీ," అని ఏడ్చింది. ఇరవై మూడో పేరు సుభాషిణి. చింతలబావి అనే ఊరు. అక్కడి మాస్టారు శ్రద్ధగానే విన్నాడు.

"ఆ పిల్ల మానేసిందండి. దసరా అప్పుడే. చదువు బొత్తిగా ఎక్కట్లేదని వాళ్ళమ్మా నాయనా పత్తి తీతకు తీసుకుపోతన్నారు. మేం కూడా సరేలే అన్నాం."

ఇందుమతి ఫోన్ పెట్టేసి లేచింది. శశిధర్ అడగకుండానే సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

రెండు బస్సులు మారి చింతలబావి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. మాస్టారు చెప్పిన రేకుల ఇంటి ముందు పదకొండేళ్ళ పిల్ల ఒకతి గోతాం దులుపుతోంది. జుట్టు నిండా పత్తి నూగు. వేళ్ళ చివర్లు కాయల మొనలు గీసుకుని పగిలి ఉన్నాయి.

"సుభాషిణివి నువ్వేనా అమ్మా?" అంది ఇందుమతి. "నేను టీచర్ని. బడిలో మీ తువ్వాయి ఆట..."

ఆ మాట వినగానే పిల్ల గోతాం వదిలేసి రెండడుగులు వెనక్కి వేసి, తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నేను రాను. నాకు రాదు అది."

"రావక్కర్లేదు. అది నీ తప్పు కాదని చెప్పడానికి వచ్చాం. తప్పు..." ఇందుమతి ఆగి తమ్ముడి వైపు చూసింది.

"తప్పు నాదమ్మా," అన్నాడు శశిధర్. "ఆ ఆట చేసింది నేను. నీకు రాకుండా చేసింది అదే."

సుభాషిణి అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎవరు ఏం చెప్పినా ఇంక నమ్మకూడదని తీర్మానించుకున్న పిల్ల చూపు అది. ఆ చూపు చివరికి అతని భుజానికున్న సంచీ మీద ఆగింది.

"దాన్లో ట్యాబ్ ఉందా?"

"లేదు."

"చూపియ్యి."

శశిధర్ మట్టిలోనే మోకాళ్ళ మీద కూర్చుని, సంచీలోవి ఒక్కొక్కటీ తీసి నేల మీద పెట్టాడు. పేర్ల కాగితాలు, నీళ్ళ సీసా, తువ్వాలు, ఒక పెన్సిలు. తరువాత సంచీని తలకిందులు చేసి దులిపాడు. జేబులు కూడా బయటికి లాగి చూపించాడు. ఫోన్ తీసి తెర కిందికి పెట్టి బోర్లించాడు.

పిల్ల వంగి ఖాళీ సంచీ లోపలికి తొంగి చూసింది. చెయ్యి పెట్టి అడుగు తడిమింది. అప్పుడు తలుపు దగ్గర్నుంచి కాస్త పక్కకు జరిగింది.